తగ్గి మళ్లీ వచ్చిన జ్వరం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం. మావారికి 46 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. పోయిన నెల మా పెద్దబాబు బడి నుంచి జలుబు, జ్వరం అంటించుకొచ్చాడు. వాడికి రెండు రోజుల్లో తగ్గింది, మావారికి పట్టుకుంది. మొదటి మూడు రోజులు 102, 103 ఉంది. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి ఫ్లూ అన్నారు. డోలో వేస్తూ వచ్చాం. నాలుగో రోజుకు జ్వరం పోయింది. ఐదో రోజు షాపుకు కూడా వెళ్లొచ్చారు. ఆరో రోజు రాత్రి వణుకుతో మళ్లీ వచ్చింది. ఫ్లూ ఇంకా పూర్తిగా వదల్లేదులే అనుకున్నాం. మందుల షాపులో అడిగితే మూడు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు. మా వీధి ఆర్‌ఎంపీ గారు రక్తం పరీక్ష చేయించి, టైఫాయిడ్ అని రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించారు. ఎనిమిదో రోజు ఆయాసం మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కుడి ఊపిరితిత్తికి నిమ్ము (న్యుమోనియా) చేరిందన్నారు. ఆరు రోజులు ఉంచుకుని పంపారు. ఇప్పుడు కోలుకుంటున్నారు గానీ నాకే నిద్ర పట్టడం లేదు. తప్పెక్కడ చేశాం? ఫ్లూ జ్వరాన్ని ఎన్నాళ్లు ఇంట్లో చూడొచ్చు? ఇంట్లో మూడేళ్ల పాప, డెబ్బై ఏళ్ల అత్తగారు ఉన్నారు. వాళ్లకొస్తే ఏం చేయాలి?

- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు ఆయాసం గురించీ ఆసుపత్రి గురించీ బాధపడుతూ రాశారు గానీ, నా చూపు ఆగింది ఐదో రోజు దగ్గర. జ్వరం లేదు, మనిషి లేచి షాపుకు వెళ్లొచ్చారు. అంటే ఫ్లూ తన దారిన తాను పోతోంది. ఆరో రోజు రాత్రి వణికించింది వేరే జబ్బు. పోయిన జ్వరమే తిరిగొచ్చిందని మీరు అనుకున్నారు. మీ స్థానంలో పదిమందిలో తొమ్మిదిమంది అలాగే అనుకుంటారు. మీ శ్రద్ధకు నేను వంక పెట్టను. లెక్క రెండుచోట్ల తప్పింది. ఒకటి ఆ రాత్రి. ఇంకోటి అంతకన్నా ముందే, అది తర్వాత చెబుతాను.

ఫ్లూ మామూలుగా ఎలా నడుస్తుందంటే, వైరస్ ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఉన్నట్టుండి జ్వరం ఎగదన్నుతుంది. పొద్దున టిఫిన్ చేసి పనిలోకి వెళ్లిన మనిషి సాయంత్రానికి దుప్పటి ముసుగేసుకుంటాడు. 102, 103 డిగ్రీలు, నడుము విరిచినట్టు నొప్పి, తలపోటు, పొడిదగ్గు. ఇది మూడు నాలుగు రోజులు సాగి దిగిపోతుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ దేశమంతా తిరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఒక ప్రకటన ఇచ్చింది. జ్వరం మూడు రోజులకు పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, దానికి యాంటీబయాటిక్స్ వాడొద్దు అని. నేనైతే జ్వరానికి ఇంకో రోజో రెండు రోజులో కలిపి చెబుతాను. నాలుగో రోజు 100 దగ్గర ఊగిసలాడుతూ, మనిషి కాస్త కాస్త తేరుకుంటుంటే కంగారు లేదు. నాలుగో రోజు కూడా మొదటి రోజులాగే 102 కాస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఐదు దాటాక ఎంత జ్వరమున్నా దాన్ని ఫ్లూ ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను.

ఇక్కడో చిన్న చిక్కుంది. రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు? "మూడు రోజులైందండీ" అంటూ వచ్చినవాళ్లను నాలుగు మాటలు అడిగితే, అది మందు మొదలుపెట్టిన రోజు నుంచనీ పరీక్ష చేయించిన రోజు నుంచనీ తేలుతుంది. ఒళ్లు మొదట వెచ్చబడిన రోజే ఒకటో రోజు. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ గోడకు ఉంటుంది కదా, ఆ గడిలోనే ఒక చుక్క పెట్టండి. పొద్దునా రాత్రీ జ్వరమెంతో అక్కడే రాయండి.

జ్వరాన్ని చూసేది కూడా మాత్ర వేసేముందే. పారాసిటమాల్ వేసిన రెండు గంటలకు చూసి "తగ్గింది" అనుకుంటే, అది మాత్ర ఘనత. మాత్ర వైరస్‌నేమీ చేయదు, నొప్పీ వేడీ తగ్గించి మనిషికి ఊరట ఇస్తుంది. ఆరు గంటలకు దాని పని అయ్యాక అసలు జ్వరం బయటపడుతుంది. మూడు రోజులు మాత్ర అవసరమై, నాలుగో రోజు మాత్ర లేకుండానే ఒళ్లు చల్లగా ఉంటే అప్పుడు తగ్గినట్టు. పెద్దవాళ్లకు 650 మాత్ర ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా. లివర్ జబ్బున్నా, రోజూ మందు తాగే అలవాటున్నా అంత కూడా వద్దు, డాక్టరు చెప్పినంతే. ఇంకో సంగతి, జలుబుకని షాపులో ఇచ్చే రంగురంగుల మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అదొకటి, డోలో ఒకటి వేస్తే మోతాదు రెట్టింపవుతుంది. స్ట్రిప్ వెనక చదవండి.

ఇక మీ ఆరో రాత్రి. ఫ్లూ వైరస్ గొంతు నుంచి ఊపిరితిత్తుల దాకా లోపలి పొరను గీరేసినట్టు చేస్తుంది. ఆ పొర మీద సన్నటి నూగు ఉంటుంది, కఫాన్నీ దుమ్మునూ పైకి తోసేస్తూ ఉంటుంది. వైరస్ దెబ్బకు ఆ నూగు రాలిపోతుంది. మన ముక్కులో, గొంతులో ఏ హానీ చేయకుండా పడి ఉండే న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియాకు అప్పుడు దారి దొరుకుతుంది. వైరస్ వెళ్లిపోయే వేళకు అవి కిందికి దిగి పాగా వేస్తాయి. అందుకే మధ్యలో ఒకటి రెండు రోజులు తెరిపి కనిపించి, ఆ తర్వాత వణుకు, జ్వరం, దగ్గినా గాలి పీల్చినా ఒక పక్క పోటు, చిక్కటి పసుపు కఫమో ఇటుకపొడి రంగు కఫమో. కొందరికి ఈ తెరిపి కూడా ఉండదు, ఫ్లూ జ్వరం మీదే ఇదీ వచ్చి కూర్చుంటుంది. 1918లో బొంబాయి రేవులో దిగి రైలు దారుల వెంట పాకిన ఫ్లూ మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. ఆ కాలంలో చనిపోయిన అమెరికా వాళ్ల ఊపిరితిత్తుల ముక్కలు దాచి ఉంటే, వాటిని మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు అన్నింట్లోనూ వైరస్ వెనకాలే వచ్చిన ఈ బ్యాక్టీరియా నిమ్ము ఆనవాళ్లే కనిపించాయి. అప్పటికి పెన్సిలిన్ పుట్టలేదు. ఇప్పుడు ఉంది, దానికన్నా మంచివీ ఉన్నాయి. కానీ వాటి పని వాటిని సమయానికి వాడినప్పుడే.

కాబట్టి ఒక పూట పూర్తిగా తగ్గి, ఒక రోజు ఆగి, మళ్లీ వచ్చిన జ్వరానికి "చూద్దాం" అనే మాటే లేదు. అది 101 ఉన్నా సరే, మర్నాడు పొద్దున్నే ఛాతీకి స్టెతస్కోప్ పెట్టి చూసే డాక్టరు దగ్గర ఉండాలి, అవసరమైతే ఎక్స్‌రే తీయించాలి. తోడు ఆయాసముంటే పొద్దున దాకా కూడా ఆగొద్దు.

మందుల షాపు, ఆర్‌ఎంపీ దగ్గర పోయిన రెండు రోజుల గురించి అడగకుండానే అడిగారు. మూడు రోజుల యాంటీబయాటిక్ నిమ్ముకు సరిపోయేదో కాదో ఛాతీ చూడకుండా ఎవరూ చెప్పలేరు. పైగా సగం మందు పడ్డాక రక్తం కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష చేస్తే, క్రిమి దొరక్కపోవచ్చు. ఇక టైఫాయిడ్ సంగతి. ఆ పరీక్ష వైడాల్ అయి ఉంటుంది. అది క్రిమిని పట్టుకోదు, క్రిమి మీద ఒళ్లు చేసిన ప్రతిఘటన ఆనవాళ్లను చూస్తుంది. మన ప్రాంతంలో ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కీ, వేరే జ్వరాలకీ కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. నిజంగా టైఫాయిడ్ వచ్చిన మొదటి వారంలో చూపించకపోవచ్చు కూడా. టైఫాయిడ్ అనుమానముంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్ చేయించాలి. షుగర్ ఉన్న మనిషికి, నోటితో తాగగలుగుతున్నప్పుడు గ్లూకోజ్ ఎక్కించడం వల్ల షుగర్ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆర్‌ఎంపీ గారిని తిట్టి మాత్రం ప్రయోజనం లేదమ్మా. రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసేది ఆయనొక్కరే. ఆయన దగ్గరకు వెళ్లండి, "ఛాతీ ఎలా ఉంది, పెద్దాసుపత్రికి ఇప్పుడే వెళ్లాలా?" అని అడగండి. ఇంజెక్షన్ అడగొద్దు.

ఆయన వేరే జ్వరం అనుమానించడం కూడా పూర్తిగా తప్పని నేను అనను. మనకు ఫ్లూ రెండుసార్లు గట్టిగా తిరుగుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు ముదిరాక ఇంకోసారి. ఆ రెండోసారి డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ కూడా ఊళ్లోనే ఉంటాయి. ముక్కు కారడం, గొంతునొప్పి, దగ్గు ఏవీ లేకుండా జ్వరం మూడు నాలుగు రోజులు కాస్తుంటే వాటి పరీక్షలు చేయించాల్సిందే. డెంగీలో మెలిక ఏమిటంటే, జ్వరం దిగిన రోజే, అంటే మూడు నుంచి ఏడో రోజు మధ్య, ప్రమాదం మొదలవుతుంది. జ్వరం పోయిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళకు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ప్లేట్‌లెట్ల అంకె కోసం ఎదురుచూడకుండా పరుగెత్తాలి. ఏ జ్వరమో తేలేదాకా ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోవద్దని చెప్పేది ఇందుకే, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా మానకుండా డాక్టరును అడగాలి. పొలాలు, తుప్పల మధ్య తిరిగేవాళ్లకు జ్వరం వదలకపోతే చంకలు, గజ్జలు, నడుము పట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో వెతకండి. స్క్రబ్ టైఫస్‌ను అంటించే, తుప్పల్లో ఉండే సన్నటి పురుగు కుట్టిన గుర్తు అది. దానికి డాక్సీసైక్లిన్ అనే మందు వేస్తే రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది, దీని మీద పనిచేసే మందు పడకపోతే మామూలు ఇంజెక్షన్లు ఎన్ని పొడిచినా తగ్గకపోవచ్చు.

ఇక తర్వాత చెబుతానన్న మొదటి పొరపాటు. మీవారికి షుగర్ ఉందని మీరు నాకు మొదట్లోనే రాశారు. పరీక్ష చేసిన చోట చెప్పారా? దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో మన హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖ ఫ్లూ రోగులను ఏ, బీ, సీ అని మూడు వర్గాలు చేసి, ఎవరిని ఇంట్లో ఉంచాలి, ఎవరికి మందివ్వాలి, ఎవరిని చేర్చుకోవాలి అని రాసింది. కొద్దిపాటి జ్వరం, గొంతునొప్పి ఉన్న మామూలు మనిషి ఏ వర్గం. ఇంట్లో విశ్రాంతి, ఒకటి రెండు రోజులకోసారి పరిస్థితి చూసుకోవడం చాలు. అదే కొద్దిపాటి జ్వరం షుగర్ ఉన్నవాళ్లకో, గర్భిణికో, ఐదేళ్ల లోపు పిల్లలకో, 65 దాటినవాళ్లకో, ఆస్తమా, గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు, క్యాన్సర్ ఉన్నవాళ్లకో, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లకో వస్తే బీ వర్గం. వాళ్లకు ఒసెల్టమివిర్ అనే మందు ఇస్తారు. టామీఫ్లూ అంటే మీకు తెలిసే ఉంటుంది. జ్వరం మొదలైన 48 గంటల్లోపు పడితే దాని పని బాగుంటుంది. ఆ గడువు దాటినా, జబ్బు ముదురుతున్నవాళ్లకు డాక్టర్లు ఇస్తారు. అంటే మీవారి విషయంలో మూడు నాలుగు రోజులు చూసే వెసులుబాటు అసలు లేదు, మొదటి రెండు రోజుల్లోనే డాక్టరు చూడాల్సింది. చూస్తే నిమ్ము రాకుండా ఆగేదా? ఎవరూ హామీ ఇవ్వలేరు. దీన్ని పట్టుకుని మళ్లీ నిద్ర చెడగొట్టుకోకండి.

షుగర్ గురించే ఇంకో మాట. "లంకణం పరమౌషధం" అని మన పెద్దలు ఊరికే అనలేదు, జ్వరంలో ఆకలి ఉండదు కాబట్టి బలవంతంగా తినిపించొద్దన్న మాట వరకు నిజమే. కానీ షుగర్ మాత్రలు మింగి కడుపు మాడ్చుకుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఇటు చూస్తే జ్వరమే షుగర్‌ను పెంచుతుంది. రోజుకు నాలుగుసార్లు వేలు పొడిచి చూసుకోవాలి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. తిండి సరిగా లేనప్పుడు ఏ మాత్ర ఆపాలో డాక్టరును ఫోన్లో అయినా అడగాలి. జావ, ఇడ్లీ, చారన్నం, మజ్జిగ కొద్దికొద్దిగా పెట్టండి.

మూడేళ్ల పాప విషయంలో థర్మామీటర్‌కన్నా పాపను చూడండి. మందు పడి జ్వరం దిగిన గంటలో ఆడుకుంటూ, తాగుతూ ఉంటే 103 వచ్చినా కొంత ధైర్యంగా ఉండొచ్చు. జ్వరం దిగినా మగతగా వాలిపోతుంటే 100 ఉన్నా తీసుకెళ్లాలి. పడుకున్నప్పుడు చొక్కా ఎత్తి ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లల్లో 40, ఏడాది లోపు 50, రెండు నెలల లోపు 60, ఈ అంకె తాకినా దాటినా ఆగొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా ఉన్నా, ఎనిమిది గంటలు ఉచ్చ పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా అంతే. మూడు నెలల లోపు పసిగుడ్డుకైతే 100.4 వచ్చిందంటే ఇంట్లో మందు వేయకుండా నేరుగా ఆసుపత్రికే.

సిరప్ దగ్గర ఎక్కువమంది పొరబడతారు. పారాసిటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఇంకోటి. పసిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కన, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. సీసాలు చూడటానికి ఒకటే. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. మీ పాప 12 కిలోలుంటే ఒక మోతాదు 120 నుంచి 180 మిల్లీగ్రాములు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దే వద్దు, ఫ్లూలో అది లివర్‌నూ మెదడునూ దెబ్బతీసే అరుదైన జబ్బు తేగలదు. జ్వరానికీ నొప్పికీ వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు, ఇంట్లో పాత స్ట్రిప్ ఉంటే పారేయండి.

జ్వరంలో ఫిట్స్ వస్తే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలపొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలకు ఆగకపోతే 108కి ఫోన్ చేయండి, ముందే ఆగినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

అత్తగారి లెక్క పూర్తిగా తలకిందులు. ఆ వయసులో నిమ్ము చేరినా జ్వరం 99 దాటకపోవచ్చు. ఉన్నట్టుండి మాట తడబడటం, పొద్దుననుకుని రాత్రి లేచి కూర్చోవడం, బాత్రూమ్‌లో తూలిపడటం, రెండు పూటలు అన్నం వద్దనడం, ఇవే ఆవిడ జ్వరం. "ముసలితనం కదా" అని వదిలేయొద్దు. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఏ సొరుగులోనో ఉంటుంది, బ్యాటరీలు మార్చి పెట్టుకోండి. గోరింటాకు, గోళ్ల రంగు లేని వెచ్చని వేలికి పెట్టి చూడాలి. కూర్చుని ఉన్నప్పుడు 94 గానీ అంతకన్నా తక్కువ గానీ చూపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి. పెద్దవాళ్లెవరికైనా కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి ఊపిరి 24 దాటినా, ఛాతీలో నొప్పి ఉన్నా, కఫంలో రక్తం పడినా, పిలిస్తే సరిగా పలకకపోయినా అది ఎన్నో రోజన్న లెక్కే వద్దు. మొదటి రోజైనా 108కి ఫోన్ చేయడమే.

ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, వైరస్ వేషం మారుస్తుంది కాబట్టి. మనకు వానాకాలానికి ముందు వేయించడం మంచిది. వేసుకున్నా ఫ్లూ రావచ్చు, ఆసుపత్రి దాకా వెళ్లే అవసరం మాత్రం బాగా తగ్గుతుంది. అత్తగారికి, మీవారికి దాంతోపాటు న్యుమోకాకల్ టీకా గురించి కూడా అడగండి. పాపకు ఇదే మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు పడతాయి.

మీవారికి ఇంకో నెల దాకా నీరసం ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, దగ్గు కూడా వెంటనే వదలదు. అవి రోజురోజుకూ తగ్గుతున్నంత కాలం మళ్లీ యాంటీబయాటిక్ కొనకండి. సిగరెట్ అలవాటుంటే, లేదా దగ్గు, ఛాతీనొప్పి మిగిలి ఉంటే ఆరు వారాలకు ఇంకో ఎక్స్‌రే తీయించండి. జ్వరం మళ్లీ కనబడితే ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితంతో అక్కడికే వెళ్లండి. ఈసారి క్యాలెండర్ కూడా గోడ మీంచి తీసి పట్టుకెళ్లండి.